సైకిలు: భయం ఒకచోట, ప్రమాదం మరొకచోట

గడచిన విద్యాసంవత్సరంలో, వానలు ముదిరిన రోజులలో, మన కళాశాల ఎదుటి కూడలి వద్ద ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్న విద్యార్థి ఒకడు సైకిలు మీద వస్తూ క్రింద పడినాడు. పడినాడు అనడం సరికాదు. దారి తప్పి ఎదురు వచ్చిన మోటారు సైకిలు ఒకటి అతనిని పడవేసినది. భుజం ఎముక విరిగినది. దైవకృపవల్ల ప్రాణానికి ముప్పు తప్పినది. ఆ వారంలోనే జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో వేరే విషయమేదీ ప్రస్తావనకు రాలేదు. సైకిళ్ళ మీద పిల్లలను పంపడం క్షేమం కాదని, కళాశాలవారు కూడా దానిని ప్రోత్సహించరాదని పలువురు గట్టిగా పలికినారు. వారి ఆందోళనను నేను చిన్నచూపు చూడడం లేదు. నాకూ పిల్లలున్నారు.

రెండు నెలల తరువాత ఆ విద్యార్థి తరగతికి తిరిగి వచ్చినాడు. ఈసారి వచ్చినది మోటారు సైకిలు మీద. ‘వాడు సైకిలు మీద పోతుంటే వాళ్ళమ్మకు నిద్ర పట్టడం లేదు సార్, అందుకని అప్పు చేసి బండి కొనిచ్చినాను’ అని తండ్రి నాతో చెప్పినాడు. కుర్రవానికి అప్పటికి పద్దెనిమిదేళ్ళు నిండలేదు. మోటారు సైకిలు తగిలి గాయపడిన బిడ్డను కాపాడుకొనడానికి ఆ తండ్రికి తోచిన ఉపాయం బిడ్డచేతికి మోటారు సైకిలు ఇవ్వడమే!

అదే నెలలో మరొకటి జరిగినది. నాలుగు కిలోమీటర్ల దూరాన ఉన్న గ్రామంనుండి ఇద్దరు అమ్మాయిలు కలసి సైకిళ్ళ మీద వచ్చేవారు. ఆ సంఘటన తరువాత ఒకరిని ఆటోలో పంపుతున్నారు. రెండవ అమ్మాయి మూడు వారాలు కనిపించలేదు. వాకబు చేయగా తండ్రి అన్న మాట ఇది: ‘రోజూ ఆటోకు పెట్టే స్తోమత లేదు. సైకిలు మీద పంపితే ఏమన్నా అయితే దిక్కెవరు సార్? మొన్న చూసినాం గదా!’ ఆ అమ్మాయి తరగతిలో మొదటి వరుసలో కూర్చునేది. ఇప్పుడు ఆ స్థానంలో వేరొకరు కూర్చుంటున్నారు.

ఇప్పుడు కళాశాల సైకిలు షెడ్డును మోటారు వాహనాల షెడ్డుగా మార్చాలనే ఆలోచన కమిటీ వారి పరిశీలనలో ఉన్నదని విన్నాను. నేను తెలుగు బోధించేవాడినే గాని రవాణా శాస్త్రవేత్తను కాను. అయినప్పటికీ, ఒక కళాశాల ఒక విషయాన్ని నిర్ణయించే ముందు దానిని గురించి ఆలోచించవలసి ఉన్నది కనుకను, ఆలోచించడం నేర్పడమే మన వృత్తి కనుకను, ఈ నాలుగు మాటలు వ్రాయడానికి సాహసిస్తున్నాను.

ముందుగా నా శాస్త్రంనుండే మొదలుపెడతాను. ‘ప్రమాదం’ అనే మాటను నేడు మనం ‘యాక్సిడెంటు’ అనే అర్థంలో వాడుతున్నాం. అయితే సంస్కృతంలో ఆ మాటకు ఏమరుపాటు, అజాగ్రత్త అని అర్థం. ‘ప్రమాదో ధీమతామపి’ అని పెద్దలు అన్నది తెలివిగలవారు సైతం ఏమరుతారనే భావంతోనే. అనగా ప్రమాదం ఆకాశంనుండి ఊడిపడేది కాదు. అది ఎవరో ఒకరి ఏమరుపాటు. కనుక ప్రమాదం జరిగిన ప్రతిచోటా ‘ఎవరి ఏమరుపాటు?’ అనే ప్రశ్న ఆ మాటలోనే దాగి ఉన్నది. ఆనాడు కూడలి వద్ద ఏమరినవాడు సైకిలు మీది విద్యార్థి కాడు. కాని శిక్ష పడినది సైకిలుకు.

మన ఇళ్ళలోని ఉర్దూలో కూడా ‘ఖౌఫ్’ వేరు, ‘ఖతరా’ వేరు. మొదటిది గుండెలో ఉండేది, రెండవది బయట ఉండేది. ఈ రెండూ ఎల్లప్పుడూ ఒకేచోట ఉంటే మనిషికి చిక్కే లేకపోయేది. భయపడవలసిన చోట భయపడి, నిర్భయంగా ఉండవలసిన చోట నిర్భయంగా ఉండేవాడు. కాని భయం ఒకచోట, ప్రమాదం మరొకచోట ఉండడమే లోకంలో తరచుగా కనిపిస్తున్నది.

ఈ విషయాన్ని పాశ్చాత్య పండితులు శ్రద్ధగా పరిశీలించినారు. 1969లో చాన్సీ స్టార్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఒక సంగతిని ఎత్తి చూపినాడు. మనిషి తానుగా కోరి నెత్తిన వేసుకునే అపాయాన్ని, ఇతరులు తన మీద రుద్దిన అపాయంకన్న సుమారు వేయిరెట్లు ఎక్కువగా సహిస్తాడట. 1987లో పాల్ స్లోవిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మరొక మెట్టు ముందుకు పోయి, సామాన్యులు అపాయాన్ని అంకెలతో కొలవరని, అది ఎంత భీతి గొల్పుతున్నది, ఎంత తెలియనిదిగా ఉన్నది, తమ అదుపులో ఉన్నదా లేదా అనే వాటితో కొలుస్తారని వివరించినాడు. అమెరికాలో 2001 సెప్టెంబరు 11 నాటి ఘోరం తరువాత ఎందరో విమానం ఎక్కడానికి భయపడి కార్లలో దూర ప్రయాణాలు చేసినారు. ఆ కారణంగా తరువాతి పన్నెండు నెలలలో సుమారు 1,500 మంది అదనంగా రోడ్ల మీద మరణించినారని గెర్డ్ గిగెరెంజర్ అనే జర్మన్ పండితుడు లెక్క కట్టినాడు. ఆ మరణాలను ఏ పత్రికా ఒకచోట చేర్చి అచ్చువేయలేదు. ఒక్కొక్కటిగా, ఒక్కొక్క ఊరిలో, నిశ్శబ్దంగా జరిగిపోయినవి.

మన తండ్రి చేసినది కూడా ఇదే గదా! సైకిలు తొక్కేవాని వెనుకనుండి లారీ వస్తుంది. అది కంటికి కనిపించదు. హారను మాత్రమే వినిపిస్తుంది. తన అదుపులో లేనిది, కనిపించనిది, పెద్దది, కాబట్టి భయం. మోటారు సైకిలు మీద ఉన్నవాడు ఆ లారీని దాటిపోగలడు. వేగం తన మణికట్టులో ఉన్నది. కాబట్టి ధైర్యం. కాని ఆ ధైర్యాన్ని లెక్కలు సమర్థిస్తున్నవా?

కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ ప్రకటించిన వివరాల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించినారు. వారిలో మోటారు ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారు 44.5 శాతం. కాలినడకన పోయేవారు 19.5 శాతం. సైకిళ్ళ మీద ఉన్నవారు సుమారు 3 శాతం. మొత్తం మరణాలలో 71 శాతానికి అతివేగం కారణంగా నమోదైనది. హెల్మెట్ ధరించక మరణించిన మోటారు ద్విచక్ర వాహనదారులు, వారి వెనుక కూర్చున్నవారు కలసి 50,029 మంది.

ఇక్కడ నేను నిజాయితీగా ఒక మాట చెప్పవలసి ఉన్నది. సైకిలువారి మరణాలు తక్కువ కనుక సైకిలు సురక్షితమని ఈ అంకెల ఆధారంగా తీర్మానించడం తప్పు. సైకిలు మీద తిరిగేవారే తగ్గిపోతే మరణాలు కూడా తగ్గుతాయి. ఎన్ని కిలోమీటర్లు తిరిగితే ఎన్ని అపాయాలు అన్నది అసలైన కొలత. పైగా సైకిలువానికి చుట్టూ ఇనుప గోడ లేదు. లారీకి, అతని దేహానికి మధ్య ఉన్నది చొక్కా మాత్రమే. ఆ భయం అబద్ధం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నివేదిక ప్రకారం లోకంలో ఏటా రోడ్ల మీద 11 లక్షల 90 వేల మంది మరణిస్తుండగా, వారిలో 6 శాతం సైకిళ్ళ మీదివారే. నేను చెప్పదలచినది సైకిలుకు అపాయం లేదని కాదు. సైకిలును వదిలి మనం పరుగెత్తుతున్న చోట అపాయం అంతకన్న తక్కువగా లేదని మాత్రమే.

దీనికి భౌతికశాస్త్రం చదివే విద్యార్థులు నాకన్న బాగా సాక్ష్యం చెప్పగలరు. కదిలే వస్తువులోని శక్తి దాని వేగం యొక్క వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. వేగం రెట్టింపైతే తాకిడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లు అవుతుంది. సైకిలూ మనిషీ కలసి 80 కిలోల బరువుతో గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోతున్నారనుకుందాం. మోటారు సైకిలూ మనిషీ కలసి 200 కిలోల బరువుతో 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నారనుకుందాం. రెండవదానిలోని శక్తి మొదటిదానికి నలభై రెట్లు! ఎదుటి వస్తువు కంటబడి, బుద్ధికి అంది, బ్రేకు మీద చేయి పడేసరికి సుమారు ఒక సెకను పడుతుంది. ఆ ఒక్క సెకనులో సైకిలు నాలుగు మీటర్లు పోతుంది. మోటారు సైకిలు దాదాపు పదిహేడు మీటర్లు పోతుంది. అది మన తరగతి గది పొడవుకన్న ఎక్కువ. పదిహేడేళ్ళ బిడ్డ చేతిలో మనం పెడుతున్నది ఆ పదిహేడు మీటర్ల గ్రుడ్డితనాన్ని. పైగా మోటారు సైకిలు మీదివాడు తనకు మాత్రమే అపాయం తెచ్చుకోడు. ఎదుటివానికీ తెస్తాడు. ఆనాడు కూడలి వద్ద జరిగినది అదే.

ఇక కంటికి కనిపించని మరొక అపాయాన్ని గురించి. కూర్చుని ఉండడం కూడా ప్రాణాంతకమే. కాకపోతే నెమ్మదిగా చంపుతుంది, నెత్తురు కారదు, జనం గుమిగూడరు. మన ఇళ్ళలో నలభై దాటిన పెద్దలలో చక్కెర వ్యాధి, రక్తపోటు లేనివారిని వెదకవలసి వస్తున్నది. పెద్దవారికి వారానికి కనీసం 150 నిమిషాల శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. నాలుగు కిలోమీటర్ల దూరంనుండి సైకిలు మీద వచ్చిపోయే విద్యార్థికి రోజుకు అరగంట, ఐదు రోజులకు సరిగా ఆ 150 నిమిషాలు సమకూడుతున్నవి. అతడు దీనికోసం వేరే సమయమూ, వేరే డబ్బూ ఖర్చు పెట్టడం లేదు.

ఈ లాభాన్నీ, ఆ అపాయాన్నీ ఒకే త్రాసులో వేసి తూచినవారు ఉన్నారు. 2010లో నెదర్లాండ్స్‌కు చెందిన పరిశోధకులు, చిన్న ప్రయాణాలకు కారును విడిచి సైకిలు ఎక్కినవారికి ఏమి కలుగుతుందో లెక్కించినారు. శ్రమవల్ల ఆయుర్దాయం మూడునుండి పదునాలుగు నెలలు పెరుగుతుందని, రోడ్డు ప్రమాదాలవల్ల ఐదునుండి తొమ్మిది రోజులు తరుగుతుందని, పొగ, దుమ్ము పీల్చడంవల్ల ఒక రోజుకు లోపునుండి నలభై రోజుల దాకా తరుగుతుందని వారు తేల్చినారు. అది వారి దేశపు లెక్క. మన రోడ్లు వేరు, మన గాలి వేరు. ఆ అంకెలను ఇక్కడికి యథాతథంగా తెచ్చి అతికించరాదు. అయితే త్రాసుకు రెండు పళ్ళాలుంటాయని, మనం ఒక్క పళ్ళాన్నే చూస్తున్నామని ఆ లెక్క మనకు గుర్తు చేస్తున్నది.

‘అది నెదర్లాండ్స్, అక్కడ అంతా సవ్యంగానే ఉంటుంది’ అని కొందరు మిత్రులు నవ్వుతారు. వారికి ఆ దేశపు చరిత్రను చెప్పాలి. ఆ దేశం పుట్టుకతోనే సైకిలువారి స్వర్గం కాదు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత అక్కడ కూడా కార్లు పెరిగినవి, సైకిళ్ళు తగ్గినవి. 1971లో రోడ్ల మీద మూడువేలకు పైగా మనుషులు మరణించినారు. వారిలో నాలుగు వందలకు మించి పిల్లలే. తన కుమార్తెను ఆ విధంగా పోగొట్టుకున్న ఒక పత్రికా రచయిత 1972లో వ్రాసిన వ్యాసం శీర్షికే, ‘పిల్లల హత్యను ఆపండి’ అనే నినాదంగా, పెద్ద ఉద్యమంగా మారినది. తల్లిదండ్రులు పిల్లలతో సహా వీధులలోకి వచ్చినారు. 1973 చమురు సంక్షోభంలో ప్రభుత్వం కొన్ని ఆదివారాలు కార్లను నిషేధించగా, ఖాళీ రోడ్లు ఎట్లా ఉంటాయో జనం కళ్ళారా చూసినారు. ఆ తరువాతి దశాబ్దాలలో సైకిళ్ళకు వేరు దారులు ఏర్పడినవి, నివాస వీధులలో వేగం తగ్గించబడినది. ఇప్పుడు అక్కడ ఏటా రోడ్డు మరణాలు సుమారు ఏడువందలు. అక్కడి ప్రయాణాలలో నాలుగవ వంతుకు మించి సైకిలు మీదనే సాగుతున్నవి.

ఇక్కడ మనం గమనించవలసినది ఒకటి ఉన్నది. బిడ్డ సైకిలు మీద గాయపడితే ఆ తల్లిదండ్రులకు కూడా భయమే కలిగినది. ఆ భయంతో వారు ‘సైకిలు ఆపండి’ అనలేదు. ‘హత్య ఆపండి’ అన్నారు. భయం ఒకటే, అది చూపిన వేలు మాత్రం వేరు దిక్కుకు తిరిగినది.

మన దేశంలో అట్టి వేలు ఏ దిక్కుకు తిరుగుతున్నది? 2011 జనాభా లెక్కల నాటికి దేశంలో నూటికి దాదాపు 45 కుటుంబాలకు సైకిలు ఉన్నది, కారు ఉన్నవి నూటికి ఐదు లోపు. వ్యవసాయం, గృహపరిశ్రమలు కాక ఇతర పనులకు పోయేవారిలో నూటికి 13 మంది సైకిలు మీదనే పోయేవారు. అట్లుండగా 2013లో కలకత్తా నగరంలో నూటికి మించిన రోడ్ల మీద సైకిళ్ళను పోలీసువారు నిషేధించినారు. వాహనాల రాకపోకలకు సైకిళ్ళు అడ్డమట! హైదరాబాదులో 2023 అక్టోబరులో బాహ్యవలయ రహదారి ప్రక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారిని, పైన సౌర ఫలకాల కప్పుతో, ప్రారంభించినారు. అది మెచ్చదగిన పని. కాని నగరం పడమటి అంచున ఉన్న ఆ దారి, తెల్లవారుజామున పాలు పోసే మనిషికి గాని, రాత్రి కాపలా ముగించుకొని ఇల్లు చేరే వాచ్‌మన్‌కు గాని, తాపీ, గరిటె క్యారియర్‌కు కట్టుకొని పోయే మేస్త్రీకి గాని దారిలో తగిలేది కాదు. వారి సైకిళ్ళు లారీల ప్రక్కనే పోతున్నవి. సైకిలు ఉన్నవానికి దారి లేదు. దారి వేసినచోట సైకిలు తప్పనిసరైనవాడు లేడు.

విద్యార్థి మిత్రులారా! ఇప్పుడు చెప్పబోయేది మీరు తప్పక గుర్తుంచుకొనవలసిన విషయం. 2003లో పీటర్ జాకబ్సెన్ అనే అమెరికన్ పరిశోధకుడు వివిధ నగరాల, దేశాల వివరాలను పోల్చి, ఒక చోట సైకిలు తొక్కేవారు, నడిచేవారు పెరిగే కొద్దీ ఒక్కొక్కరికి ఉన్న అపాయం తగ్గుతున్నదని చూపినాడు. ఆయన లెక్క ప్రకారం సైకిళ్ళు రెట్టింపైతే గాయాలు రెట్టింపు కావు, మూడవ వంతు మాత్రమే పెరుగుతాయి. అనగా ఒక్కొక్కనికి ఉన్న అపాయం మూడవ వంతు తగ్గుతుంది. వాహనం నడిపేవానికి సైకిళ్ళు నిత్యం కంటబడుతుంటే వాని కన్ను వాటికి అలవాటు పడుతుందని, జాగ్రత్త దానంతట వస్తుందని ఆయన భావం. దారులు బాగుంటేనే జనం పెరుగుతారు గదా, కారణమేది, కార్యమేది అని వాదించేవారు కూడా ఉన్నారు. ఆ వాదాన్ని గౌరవిస్తూనే, లెక్కను తిరగవేసి చూడండి. సైకిళ్ళు సగానికి తగ్గితే మిగిలినవారి అపాయం ఒకటిన్నర రెట్లు అవుతుంది!

కాబట్టి సైకిలు మానుకున్న ప్రతి ఇల్లు, తెలియకుండానే, మానుకోలేని ఇంటి బిడ్డను మరికొంత అపాయంలోకి నెడుతున్నది. మోటారు సైకిలు కొనగలిగినవాని భయాన్ని కొనలేనివాడు మోస్తున్నాడు. మన షెడ్డులో ఒకప్పుడు స్టాండు వేయడానికి చోటు దొరికేది కాదు. నేడు అక్కడి సైకిళ్ళను వేళ్ళ మీద లెక్కించవచ్చును. ఆ మిగిలినవి ఎవరివో మనందరికీ తెలుసు.

అమ్మాయిల విషయం ప్రత్యేకంగా చెప్పక తప్పదు. వారి సైకిలు మీద భయాలు నేటివి కావు. 1890 ప్రాంతాలలో ఇంగ్లండు, అమెరికాలలో స్త్రీలు సైకిలు ఎక్కగానే, దానివల్ల వారి ముఖం వికృతమౌతుందని, దానికి ‘సైకిలు ముఖం’ అని పేరు పెట్టి కొందరు వైద్యులు పత్రికలలో హెచ్చరించినారు. అట్టి వ్యాధి ఏదీ లేదని కాలం తేల్చినది. క్షేమం పేరుతో పలికిన ఆ మాటలలో ఎంత భాగం క్షేమమో, ఎంత భాగం ఆడది తనంతట తాను కదిలిపోతున్నదనే ఆందోళనో పాఠకులే ఊహించవచ్చును. మన పొరుగున తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1990 దశకం తొలినాళ్ళలో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా, షీలారాణి చుంకత్ కలెక్టరుగా ఉన్న కాలంలో, లక్షకు పైగా గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. వారిలో క్వారీ కూలీలు, నర్సులు, ముస్లిం కుటుంబాల యువతులు కూడా ఉన్నారు. బీహారులో 2006లో తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్ళు కొనిచ్చే పథకం మొదలైనది. కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు దానిని పరిశీలించి, ఉన్నత పాఠశాలలలో బాలికల చేరిక 32 శాతం పెరిగినదని, బాలుర, బాలికల మధ్య అంతరం 40 శాతం తగ్గినదని కనుగొన్నారు. బడి దూరంగా ఉన్న గ్రామాలలోనే ఈ లాభం ఎక్కువగా కనిపించినదట. మన ఆంధ్రప్రదేశ్‌లో కూడా ‘బడికొస్తా’ పేరిట బాలికలకు సైకిళ్ళు పంచినారు.

అందుచేత, ఆ అమ్మాయిని ఇంట కూర్చోబెట్టిన తండ్రితో నేను ఇట్లా అనవలసి ఉండినది: ‘అయ్యా, మీరు లెక్కించినది ఒక్క అపాయాన్నే. సైకిలు మీదినుండి పడే అపాయాన్ని మీరు చూసినారు. చదువు మధ్యలో ఆగిపోయే అపాయం ఏ పోలీసు రికార్డులోనూ చేరదు, ఏ ఆసుపత్రిలోనూ కట్టు కట్టరు. కాని విరిగిన భుజం ఆరు వారాలలో అతికినది. ఇది అతుకుతుందా?’ ఆనాడు ఆ మాట నోటికి రాలేదు. ‘ఆలోచించండి’ అని మాత్రం చెప్పి వచ్చినాను. ఈ వ్యాసానికి ఆ సిగ్గు కూడా ఒక కారణం.

అయితే, భయపడవద్దని చెప్పి ఊరకుండడం కూడా ఒక ఏమరుపాటే. భయానికి ఒక పని ఉన్నది. అది మనలను జాగ్రత్తలవైపు నడపాలి గాని ఇంట్లోకి తరమకూడదు. ఆ పనిలో కొంత విద్యార్థులది, కొంత కళాశాలది.

మొదట విద్యార్థులు. నేను రోజూ సైకిలు మీదనే వస్తాను కనుక మిమ్ములను వెనుకనుండి చూస్తుంటాను. మీలో చాలామంది సైకిళ్ళకు బ్రేకు రబ్బర్లు అరిగిపోయి కాలితో ఆపుకుంటున్నారు. వెనుక మడ్‌గార్డు మీద ఎర్రని రిఫ్లెక్టరు పగిలిపోతే మరల వేయించరు. ముగ్గురు వరుసగా మాటలాడుకుంటూ పోతారు. చెవిలో పాటలు పెట్టుకుంటారు. వెనుకనుండి వచ్చేవాడు లారీ అని తెలిపేది ఆ చెవి ఒక్కటే గదా! కొంత దూరం కలసివస్తుందని ఎదురు దారిలో పోవడం అన్నిటికన్న చెడ్డ అలవాటు. చీకటి పడిన తరువాత ముందొక దీపం, వెనుక ఎర్రదీపం తప్పనిసరి. మలుపులో చేయి చాచి సూచించండి. ఆగి ఉన్న లారీకి, నడిచే బస్సుకు మధ్య దూరవద్దు. ఎడమకు తిరగబోయే లారీకి ఎడమప్రక్కన నిలవవద్దు. అక్కడ డ్రైవరుకు మీరు కనిపించరు. తలకు హెల్మెట్ ఉంటే మంచిదే. కాని హెల్మెట్ లారీని ఆపదు. దానిని పెట్టుకొని ఇతర జాగ్రత్తలు మరచిపోవద్దు.

ఇక గౌరవనీయులైన కమిటీ సభ్యులకు సవినయంగా నా మనవి. షెడ్డును మార్చవద్దు. సైకిళ్ళకు నీడ ఇవ్వని కళాశాల, సైకిలు మీద వచ్చే బిడ్డకు ‘నీవు రాకున్నా ఫరవాలేదు’ అని చెప్పినట్లే. రెండవది, గేటు వద్ద లైసెన్సు లేని విద్యార్థుల మోటారు సైకిళ్ళను లోనికి రానివ్వవద్దు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 199ఎ విభాగం ప్రకారం మైనరు చేసిన వాహన నేరానికి సంరక్షకునికి మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడగలవు. ఈ సంగతిని తల్లిదండ్రుల సమావేశంలో ఉర్దూలోను, తెలుగులోను చదివి వినిపించాలి. మూడవది, కూడలి వద్ద వేగ నిరోధకాలు, వీధిదీపం కోరుతూ పురపాలక సంఘానికి, పోలీసువారికి కళాశాల తరఫున అర్జీ పెట్టాలి. నాలుగవది, గ్రామాలనుండి వచ్చేవారిని ఊరి వారీగా జట్లు చేసి, ఒకే వేళకు కలసి బయలుదేరే ఏర్పాటు చేయాలి. పదిమంది కలసి వస్తే లారీ కూడా చూస్తుంది. ఐదవది, నెలకొకసారి సైకిలు మెకానిక్కును పిలిపించి బ్రేకులు, బెల్లు, రిఫ్లెక్టర్లు సరిచేయించాలి. చివరిది, పేద విద్యార్థుల నిధిలోనుండి ఏటా కొందరు అమ్మాయిలకైనా సైకిళ్ళు కొనివ్వాలి. వీటన్నిటికీ కలసి అయ్యే ఖర్చు, షెడ్డును మార్చడానికి అయ్యే ఖర్చుకు మించదని నా నమ్మకం.

భుజం విరిగిన ఆ విద్యార్థి ఇటీవల నా వద్దకు వచ్చి, ‘సార్, బండి పెట్రోలుకు నాన్న దగ్గర డబ్బులు అడగాలంటే సిగ్గుగా ఉంది. మళ్ళీ సైకిలు మీద వద్దామనుకుంటున్నాను. మా అమ్మతో మీరు ఒక మాట చెప్పండి’ అన్నాడు. తప్పక చెబుతానన్నాను. అయితే ఆ తల్లి నన్ను ఒక ప్రశ్న అడుగుతుంది: ‘సార్, ఆ కూడలి బాగుపడినదా?’ దానికి సమాధానం నా ఒక్కని వద్ద లేదు. ఈ పత్రిక అచ్చై మీ చేతికి అందేనాటికి, ఆమెకు ‘బాగుపడుతున్నదమ్మా’ అని చెప్పగలిగేటట్లు మనమందరం పూనుకోవాలని కోరుతున్నాను. మొదటి వరుసలో ఆ అమ్మాయి స్థానం కూడా మనకోసం ఎదురుచూస్తున్నది.